పద్దు పుస్తకం వెనక పేజీలు

నేను నిఘంటువులో వెతికిన మొట్టమొదటి ఇంగ్లీషు మాట బ్యారన్.

మా ఊరు కందుకూరికి ఏడెనిమిది మైళ్లు. మెట్ట ఊరు. బస్సు దిగి చూస్తే గుడి ధ్వజస్తంభం కన్నా ముందు బ్యారన్లే కనపడేవి. పచ్చి పొగాకును కర్రలకు కట్టి, లోపల అడ్డంగా వరసలు వరసలుగా వేలాడదీసి, కింద రేకు గొట్టాల్లో వేడి పారించి, వారం రోజుల పాటు ఆరబెట్టే పొడుగాటి గది అది. చిన్నా పెద్దా అందరం బ్యారన్ అనే అనేవాళ్లం. బావి, బండి, బ్యారన్. అది ఇంగ్లీషు మాటన్న సంగతే నాకు తోచలేదు. ఏడో తరగతిలో ఒకనాడు ఇంగ్లీషు అయ్యోరు బీరువాలోంచి లావుపాటి నిఘంటువు తీసి నా చేతిలో పెట్టి, ఏదన్నా మాట వెతకరా అన్నాడు. అప్పటికి నాకు ఏబీసీడీలు వచ్చి ఏడాదే. ఏం మాట తోచక, అది ఇంగ్లీషేమోనని ఎవరో అనగా విని, బ్యారన్ వెతికాను. చెవికి విన్నట్టే అక్షరాలు పేర్చుకుంటూ పోతే దొరికింది కూడా. అర్థం దగ్గర ఇట్లా ఉంది: గొడ్డుది, పంట పండనిది, బంజరు.

సాయంత్రం ఇంటికొచ్చి నాయనకు చెప్పాను. ఆయన బ్యారన్ పొయ్యిలో మొద్దు ఎగదోస్తున్నాడు. తలెత్తకుండానే, "ఆ పుస్తకం రాసినాయన ఎవురోగానీ, మన లెక్కలు చూసే రాసినట్టుండాడు" అన్నాడు.

అసలు మాట బార్న్ అనీ, సీమ దేశాల్లో గడ్డీ గింజా దాచుకునే కొట్టాన్ని అట్లా అంటారనీ తెలియడానికి నాకు ఇంకో నాలుగేళ్లు పట్టింది. తెలిశాక కూడా మా బ్యారన్‌ని బార్న్ అనబుద్ధి కాలేదు. అంటే ఊళ్లో ఎవరికీ అర్థం కాదు, ఆ మాటకు పొగవాసన కూడా ఉండదు.

ఇంగ్లీషు గురించి ఎవరన్నా మాట్లాడితే నాకు ముందు గుర్తొచ్చేది బడి కాదు, ఈ పొగాకే. ఆర్థికం, సమాజం అని పెద్ద పెద్ద పేర్లు పెట్టి ఇప్పుడు పిల్లలకు నేర్పుతున్న మాటలు మాకు ఇంట్లోనే, అదీ అప్పులతో కలిసి, వచ్చినాయి. మాట అర్థం తర్వాత తెలిసేది. దాని బరువు ముందే తెలిసేది.

మా ప్రాంతం సంగతి ఒక్క ముక్క చెప్పాలి. 1970 దాకా మాది నెల్లూరు జిల్లా. ఆ ఏడు ఒంగోలు జిల్లా పెడితే అందులో కలిశాం. 1972లో దానికే ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు. మళ్లీ 2022లో కందుకూరిని నెల్లూరులో కలిపారు. మా జేజమ్మ ఉండుంటే, ఇల్లు కదలకుండా ఇన్ని కాపరాలు మార్చినోళ్లం మనమేరా అని నవ్వుకునేది. జిల్లా ఏదైనా కందుకూరు, టంగుటూరు, కొండపి, పొదిలి, కనిగిరి వైపు రైతుకు తెలిసిన రొక్కం పంట ఒకటే. వర్జీనియా పొగాకు.

నేను ఏడో తరగతిలో ఉన్న ఆ 1985లోనే మన రాష్ట్రంలో పొగాకు వేలాలు మొదలైనాయి. అంతకు ముందు బయ్యర్లు, దళారులు ఊళ్లోకే వచ్చేవాళ్లు. ఆకు గుప్పెట్లో నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుని, నోటికొచ్చిన రేటు చెప్పేవాళ్లు. ఉగాదికి ఇస్తామన్న డబ్బు దసరాకి చేతికొచ్చేది. టొబాకో బోర్డు 1976లోనే పుట్టినా, గుంటూరులో దాని పెద్దాఫీసు ఉందని వినడమే తప్ప, మా గడపకు అది వచ్చింది ఈ వేలాలతోనే. మావాళ్లకు అది ఉత్త 'బోర్డు'. నల్లబల్ల వేరు, బస్సు మీద ఉండే బోర్డు వేరు, ఈ బోర్డు వేరు. లైసెన్సు ఇచ్చేది, కోటా వేసేది, కోటా దాటితే కోత పెట్టేది ఇదే. లైసెన్సు, కోటా, ఎక్సెస్సు. ఈ మూడు మాటలు మా అమ్మకు చదువు రాని రోజుల్లోనే వచ్చు.

ఒకసారి సెలవుల్లో నాయన నన్ను వేలానికి తీసుకుపోయాడు. పెద్ద రేకుల షెడ్డు, లోపల నేల మీద బేళ్లు బారులు తీరి ఉన్నాయి. పాట పాడే ఆయన ముందు నడుస్తుంటే, ఆయన్ని చుట్టుకొని బయ్యర్లు, పక్కన చీటీ రాసే గుమాస్తా, అందరి వెనకా రైతు. ఒక్కో బేలు దగ్గర నిలబడేది ఊపిరి తీసుకునేంత సేపే. అంకెలు మంత్రంలాగా గడగడా పోయేవి. ఒకడు వేలెత్తేవాడు, ఇంకొకడు కనుబొమ్మ ఎగరేసేవాడు, అంతే, కలం గీసుకుపోయేది. నారు పోసిన నాటి నుంచి, ఆకు కోసే రెలుపులు, కర్రలకు కట్టే కట్టుళ్లు, కుప్ప వేసే మండెలు అన్నీ అయిన నాటి దాకా మా ఇంటిల్లిపాదీ చేసిన చాకిరీ ఆ కనుబొమ్మ మీద ఆధారపడి ఉంది. మా బేలు దగ్గరికొచ్చేసరికి నాయన పైగుడ్డ భుజం మీంచి తీసి చేతిలో పట్టుకున్నాడు. గుళ్లో తప్ప ఆయన ఇంకెక్కడా అట్లా చెయ్యగా నేను చూళ్లేదు.

అక్కడే నేర్చుకున్నాను: బ్రైటు, మీడియం, లోగ్రేడు. పసిమి కొట్టుకుంటూ మెరిసే ఆకు బ్రైటు. మాడినదీ మచ్చలు తేలినదీ లోగ్రేడు. ఆ ఏడు లెక్కల్లో నాకు ముప్పయ్యారు మార్కులొస్తే నాయన కాగితం తిరగేసి "లోగ్రేడు" అని ఇచ్చేశాడు. ఇక నోబిడ్డు. బేలు దగ్గర నిలబడి ఏ బయ్యరూ పాడకపోతే దాన్ని నోబిడ్డంటారు. ఆ బేలు బండెక్కి మళ్లీ ఇంటికి రావాల్సిందే. బాడుగ దండగ, ఎత్తుకూలి దండగ, నలుగురిలో తలవంపు దండగ. ఊళ్లో ఈ మాటకు కాళ్లొచ్చి నడిచింది. పెళ్లిచూపులకు వచ్చిపోయినవాళ్లు మళ్లీ కబురు చెయ్యకపోతే "నోబిడ్డు" అనేవాళ్లు. ఎన్నికల్లో డిపాజిట్ పోయినవాడు కూడా నోబిడ్డే. బడిలో అయ్యోర్ని నోబిడ్డంటే ఏంది సార్ అని అడిగితే, అట్లాంటి మాట ఇంగ్లీషులో లేదు, కూర్చో అన్నాడు. ఆయనది తెనాలి వైపు, మా గోడు ఆయనకేం తెలుసు.

ఇంకో సంగతి చాలా ఏళ్లకు తెలిసింది. వేలం అన్న మాట కూడా మనది కాదట. పోర్చుగీసు వాళ్ల లెయ్‌లావ్ మన నోళ్లలో నలిగి నలిగి వేలం అయిందని చెబుతారు. పొగాకు మొక్కను తెచ్చిందీ వాళ్లే. ఆకు వాళ్లది, పాట వాళ్లది, బ్యారన్ ఇంగ్లీషువాళ్లది, మరి మనది ఏందయ్యా అంటే అప్పు. ఆ మాట మాత్రం అచ్చతెలుగు.

ఇక పద్దు పుస్తకం సంగతి. ఎర్ర అట్ట, పొడుగాటి పుస్తకం, నాయన లెక్కలు రాసుకునేది. మందుకట్టకు ఇంత, పుల్లకు ఇంత, ఆకు కట్టిన ఆడోళ్ల కూలి ఇంత. కొత్త నోటుపుస్తకం అడిగే ధైర్యం లేక నేను దాన్ని వెనకనించి తిరగేసి నా ఇంగ్లీషు మాటలు రాసుకోవడం మొదలుపెట్టాను. నాయన చూశాడు, ఏమీ అనలేదు. "నా పేజీల్లోకి రామాక" అన్నాడు, అంతే. ఆయన ముందునించి, నేను వెనకనించి.

మొదటి పేజీల్లోనే నాకు తెలిసొచ్చింది, ఇంగ్లీషు మాటకు బడిలో ఒక అర్థం, బ్యాంకులో ఒక అర్థం ఉంటాయని. తొమ్మిదో తరగతి ప్రోగ్రెస్ కార్డు మీద అయ్యోరు ఎర్ర సిరాతో ఒక వాక్యం రాసిచ్చాడు. నాయన ఏం రాశాడో చదవమన్నాడు. "టేక్ మోర్ ఇంటరెస్ట్ ఇన్ స్టడీస్" అని చదివాను. నాయనకు ఇంటరెస్ట్ బాగా తెలుసు. ఏడాదికి రెండుసార్లు బ్యాంకు కాగితాల మీద చూసేదే.

"ఎక్కువ వడ్డీ తీసుకోమంటన్నాడా? ఎవురి దగ్గిర?"

ఆసక్తి అనే అర్థం కూడా ఉందని చెబితే ఆయన కాసేపు ఆలోచించి, "అప్పిచ్చినోడికి అంతేలేరా, రెండూ ఒకటే" అన్నాడు. ఇంటర్‌లో చేరాక ప్రిన్సిపల్ అంటే అసలు అని కూడా తెలిసింది. కాలేజీ ప్రిన్సిపల్ గది ముందు పోతున్నప్పుడల్లా ఇది తీరదు, వడ్డీ కడుతూ ఉండాల్సిందే అనిపించేది. సెక్యూరిటీ అంటే పుస్తకంలో భద్రత, బ్యాంకులో తాకట్టు. సూరిటీ అంటే మా చిన్నాయన. ఎవరు అప్పు తీసుకున్నా సంతకం పెట్టి వచ్చేవాడు, తర్వాత ఇంట్లో చిన్నమ్మ చేత తిట్లు తినేవాడు.

రికవరీ దగ్గర నేను చాలాకాలం తికమకపడ్డాను. పేపర్లో పడే రికవరీకి కోలుకోవడం అని అర్థం. జబ్బు నుంచి, నష్టం నుంచి. మాకు తెలిసిన రికవరీ జీపులో వచ్చేది. బ్యాంకు జీపు ఊరి మొదట్లో కనపడగానే పిల్లకాయలం "రికవరీ, రికవరీ" అని అరుచుకుంటూ పరిగెత్తి ఇళ్లల్లో చెప్పేవాళ్లం. మగాళ్లు పొలాల్లోకి, గడ్డివాముల చాటుకి. ఒక్కోసారి ఆ వచ్చింది జీపు కాదు, సినిమా ప్రచారం కారు. వాములోంచి గడ్డి దులుపుకుంటూ బయటికొచ్చిన పెద్దమనుషుల మొహాలు నాకిప్పటికీ గుర్తే. పేర్లు చెప్పను.

ఇంటర్ రోజుల్లో కందుకూరులో సాయంత్రాలు ఒక ట్యుటోరియల్‌కి పోయేవాణ్ని. మేడ మీద రేకుల గది, చెక్క బెంచీలు, గోడకు 'స్పోకెన్ ఇంగ్లీష్' అని చేత్తో రాసిన అట్ట. సారు వారానికొక అంశం ఇచ్చేవాడు. రైల్వే స్టేషన్లో, డాక్టరు దగ్గర, హోటల్లో, ఇట్లా. మాలో సగం మంది సింగరాయకొండ స్టేషన్ తప్ప వేరే స్టేషన్ ఎరగరు. రైల్వే వారం అందుకే నవ్వుల్లో గడిచిపోయింది. తర్వాత వచ్చిన అంశం 'ఎకానమీ అండ్ సొసైటీ'. అప్పటిదాకా నోరు మెదపని వెనక బెంచీలోళ్లు ఆ వారం లేచి నిలబడ్డారు. లోను, సబ్సిడీ, ఓవర్‌డ్యూ, నోడ్యూస్ సర్టిఫికెట్, లీజు, కమీషన్ అని చెప్పుకుంటూ పోతుంటే సారు బోర్డు మీద చోటు చాల్లేదు. చీమకుర్తి వైపు నుంచి వచ్చే కుర్రాడు ఒకడు క్వారీ, రాయల్టీ, బ్లాకు అని మొదలుపెట్టాడు. నెల్లూరు కోస్తాలో బంధువులున్న ఇంకొకడు రొయ్యల కౌంట్ గురించి చెప్పాడు, ముప్పై కౌంటంటే కిలోకి ముప్పై తూగుతాయని, అంకె పెరిగేకొద్దీ రొయ్య చిన్నదై ధర తగ్గుతుందని. సారు సుద్దముక్క పక్కన పెట్టి వింటూ కూర్చున్నాడు.

ఇన్‌ఫ్లేషన్ అంటే ఆయన సైకిలు ట్యూబు చూపించాడు. గాలి కొడితే ట్యూబు ఉబ్బుతుంది, రబ్బరు మాత్రం అంతే ఉంటుంది. ధరలు ఉబ్బినా సరుకు పెరగదు. ఈ ముక్క చెప్పి, తెలుగులో దీన్ని ద్రవ్యోల్బణం అంటారని బోర్డు మీద రాశాడు. క్లాసంతా నిశ్శబ్దం. ట్యూబుతో అర్థమైంది కాస్తా ద్రవ్యోల్బణంతో పోయింది. మా పత్రికల భాష మీద నాకున్న కోపం ఆ రోజుదే. ఉల్బణం అనే మాట నేను ఇంకెక్కడా వినలేదు, బహుశా మీరూ వినుండరు.

తర్వాత వాక్యాలు, నానుడులు. బ్రెడ్‌విన్నర్ అంటే ఇల్లు గడిపేవాడు అన్నాడు సారు. మా ఊళ్లో బ్రెడ్డు తినేది జ్వరమొచ్చినప్పుడే. పాలల్లో ముంచి, అదీ డాక్టరు చెబితేనే. ఇల్లు గడిపేవాడికి జ్వరానికి ఏమిటి సంబంధమా అని నేను చాలాసేపు ఆలోచించాను. బెల్టు బిగించుకోవడం అన్నాడు. మావాళ్లది పంచె, మొలతాడు. కడుపున తడిగుడ్డ వేసుకుని పడుకోవడం అని మా జేజమ్మ చెప్పేది, అదే గదా సార్ అంటే, అదేరా, రాసుకో అన్నాడు. అసలు చిక్కు రెయినీ డే దగ్గరొచ్చింది. వాన రోజు కోసం నాలుగు రాళ్లు దాచుకోవాలట. కనిగిరి నుంచి వచ్చే పిల్లవాడు లేచి నిలబడి, "వాన పడితే పండగ గదా సార్, దాచుకోవాల్సింది వాన పడని రోజుకు గదా?" అన్నాడు. బోరు వేస్తే ఫ్లోరైడు నీళ్లు పడే ఊరు వాళ్లది. సారు కాసేపు కళ్లజోడు తుడుచుకున్నాడు. ఇంగ్లండ్‌లో ఎప్పుడూ వానే, అందుకని అట్లా పుట్టింది అన్నాడు చివరికి. నేను ఆ సాయంత్రం పద్దు పుస్తకంలో 'రెయినీ డే – కష్టకాలం (ఇంగ్లండ్‌లో)' అని రాసుకున్నాను. అదింకా ఉంది.

ఆ బ్యాచ్‌లో నేర్చుకున్న వాక్యాల్లో సగం ఇప్పటికీ నోటికొచ్చు. 'ఇండియా ఈజ్ ఎ డెవలపింగ్ కంట్రీ.' ఏ వ్యాసమైనా దాంతోనే మొదలు. జనాభా మీదైనా, కట్నం మీదైనా, నిరుద్యోగం మీదైనా. ఆ వాక్యం రాశాక పది సెకన్లు కలం ఆగేది.

ఇంట్లో జేజమ్మ దగ్గర వేరే నిఘంటువు ఉండేది. ఆమెకు చదువు రాదు, కంట్రోలు అనే మాట మాత్రం యుద్ధం నాటి నుంచి వచ్చు. రేషన్ బియ్యం, రేషన్ చక్కెర, రేషన్ గుడ్డ అన్నీ కంట్రోలే. 1983లో రామారావు గారు కిలో రెండు రూపాయల బియ్యం పెట్టినా ఆమెకవి కంట్రోలు బియ్యమే. నేను డిక్షనరీ చూసి, కంట్రోలంటే అదుపు జేజీ అని చెబితే, "ఆకలిని అదుపులో పెట్టేదే గదరా" అంది. నేను చెప్పిన అర్థంలో ఆమెకు కొత్తేమీ లేదు.

1990లో మాఫీ వచ్చింది. వీపీ సింగ్ ప్రభుత్వం, బకాయి పడ్డ పంట అప్పుల్లో పదివేల దాకా రద్దు. ఊరంతా ఒక ఇంగ్లీషు మాట కొత్తగా మర్యాద తెచ్చుకుంది: డిఫాల్టర్. అంతకుముందు బ్యాంకు గోడ మీద పేరెక్కితే తలెత్తుకోలేని మాట. ఇప్పుడు డిఫాల్టరైనవాడికే రద్దు. మా నాయన పొగాకు డబ్బుల్లోంచి కోతపడగా మిగిలిన దాన్ని కూడా తీసుకుపోయి గడువులోగా కట్టేసిన మనిషి. ఆయనకు దమ్మిడీ రాలేదు. గడ్డివాములో దాక్కున్న ఆయన వచ్చి మా అరుగు మీద కూర్చుని, "నువ్వు డిఫాల్టర్ కాకపోతివే" అని నిజంగానే బాధపడ్డాడు. నాయన నవ్వాడు గానీ ఆ రాత్రి అన్నం సగంలో వదిలేశాడు. డిఫాల్టర్ ఎదురుగా ఏమర్థం రాయాలో నాకు తేలక ఆ వరస ఖాళీగా వదిలేశాను.

మరుసటి ఏడు ఇంకా వింత. 1991 జులైలో రూపాయి విలువ రెండు విడతలుగా తగ్గించారు. దేశం దగ్గరున్న బంగారంలో 47 టన్నుల దాకా లండన్‌కి పంపి, ఇంగ్లండ్, జపాన్ దేశాల బ్యాంకులకు తాకట్టు పెట్టి డాలర్లు తెచ్చారు. ప్రధాని మన పీవీ, ఆర్థికమంత్రి మన్మోహన్ సింగ్. పేపర్లో డీవాల్యుయేషన్, ప్లెడ్జ్, లిబరలైజేషన్ అని రోజుకో మాట. నేను పేపరు చదివి అర్థం చెప్పేవాణ్ని, అరుగు మీద జనం మూగేవాళ్లు. నా జీవితంలో అంత మంది శ్రోతలు మళ్లీ దొరకలేదు.

ప్లెడ్జ్ దగ్గర ఆగిపోయాను. మాకు ప్లెడ్జ్ అంటే బడిలో పొద్దున్నే చెయ్యి చాపి చెప్పే ప్రతిజ్ఞ. పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు 1962లో తెలుగులో రాసింది, దేశమంతా చెప్పుకునేది. అదే మాటకు తాకట్టు అనే అర్థం ఎట్లా వచ్చింది? మాట ఇవ్వడం, వస్తువు ఇవ్వడం, రెండూ ప్లెడ్జేనట. జేజమ్మకు మాత్రం ఇందులో ఏ చిక్కూ కనపడలేదు. "దేశం కూడా పుస్తెలతాడు పెట్టుకుందా బ్యాంకులో?" అంది. మా అమ్మ అప్రయత్నంగా మెడ తడుముకుంది. ఆమెది అప్పటికి మూడో ఏడు, పసుపుతాడే.

నాయన అడిగిన ప్రశ్న ఇంకా గట్టిది. రూపాయి విలువ తగ్గితే పరదేశంవాడికి మన సరుకు చౌక, అంటే మన పొగాకు బాగా కొనాలి గదా అని. నేను పేపర్లో చదివింది చెప్పాను, అవును, ఎగుమతులు పెరుగుతాయంటున్నారు అని. వేలం కేంద్రంలో వేరే మాట వినపడింది: రష్యా కొనడంలేదంట. మా వర్జీనియాకి పెద్ద గిరాకీ సోవియట్ దేశమే. ఆ ఏడు చివరికి ఆ దేశమే లేకుండా పోయింది. నాకు సోవియట్ దేశం తెలిసింది అట్టల ద్వారా. 'సోవియట్ భూమి' నునుపు కాగితాలు తెచ్చుకుని పుస్తకాలకు అట్టలు వేసుకునేవాళ్లం, నవ్వుతూ ట్రాక్టరు నడిపే ఆడమనుషులు, గోధుమ చేలు. నా లెక్కల పుస్తకం మీద నవ్విన ఆమె దేశమే మా ఆకు తాగుతున్నదని నాకు అప్పటిదాకా తట్టనేలేదు. పద్దు పుస్తకంలో ఆ యేటి పేజీల్లో నాయన రాతలో ఒకేమాట నాలుగుసార్లు ఉంది: నోబిడ్డు.

మా పిన్నమ్మను కలిగిరి వైపు ఇచ్చారు, నెల్లూరు జిల్లాలోకి. ఆమె వస్తే కబుర్లకు కొదవుండదు. అక్కడ రాత్రిబడులు పెట్టారు, అక్షరజ్యోతి అని. ఆడోళ్లు లాంతర్ల వెలుతుర్లో పలకలు పట్టుకున్నారు. పాఠంలో సారా తాగే మొగుడి కథ వచ్చింది. చదివినవాళ్లకు అది పాఠంలాగా కాక వాళ్లింటి సంగతిలాగా ఉంది. ఆ పక్కనే దూబగుంటలో ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు. వాళ్లలో రోశమ్మ పేరు దేశమంతా వినపడింది. అక్కడితో ఆగక, అసలు సారా దుకాణాలు వేలం వెయ్యనియ్యమని నెల్లూరులో అడ్డం తిరిగారు. పిన్నమ్మ ఇదంతా కళ్లకు కట్టినట్టు చెబుతుంటే మా అమ్మ ఆకు కట్టే పని ఆపి విన్నది. ఆకు జిగురుకు నల్లబడిన చేతులు ఒళ్లో పెట్టుకొని అడిగింది:

"సారాక్కూడా బోర్డులో మాదిరి పాటే పెడతారా?"

"అట్నే. ఎవురు ఎక్కువ పాడితే ఆళ్లకు."

"అయితే పడాల్సింది ఆడ పడాల, నోబిడ్డు."

ఆ మాట విన్నప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. ఏడేళ్లుగా మా ఇంటిని ఏడిపించిన మాటను ఆమె అట్లా తిప్పి పట్టుకుంటుందని అనుకోలేదు. 1993 అక్టోబరు ఒకటిన రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఆ రోజు మా ఊళ్లో కొబ్బరికాయలు కొట్టినవాళ్లలో అమ్మ ఉంది. ఆ తర్వాత సంపూర్ణ నిషేధం రావడం, పోవడం మీకు తెలిసిందే.

పిన్నమ్మ వాళ్ల వైపు రోజుకో రూపాయి దాచే పొదుపులక్ష్మి మొదలైంది. మా వైపు డ్వాక్రా. డెవలప్‌మెంట్ ఆఫ్ విమెన్ అండ్ చిల్డ్రన్ ఇన్ రూరల్ ఏరియాస్ అని ఎనిమిది మాటల పేరు నేను విడదీసి చెబితే అమ్మ వాళ్ల గ్రూపు ఆడోళ్లు విరగబడి నవ్వారు. అంత పొడుగు పేరు పెట్టుకొని ఏం చేసుకుంటారబ్బాయ్ అని. గ్రూపు, లీడరు, తీర్మానం, లింకేజీ, రివాల్వింగ్ ఫండు. రివాల్వింగంటే గిర్రున తిరిగేది అని చెబితే మాత్రం నవ్వలేదు. "తిరిగి మన కాడికి వస్తదా?" అని అడిగారు. అమ్మ సంతకం నేర్చుకుంది ఆ గ్రూపు పుస్తకంలోనే. అంతకు ముందు వేలిముద్ర వేసి, వేలి సిరా పమిట కొంగుకు తుడుచుకునేది. సంతకం చేసిన మొదటి రోజు కూడా అలవాటు చొప్పున వేలు తుడుచుకుంది.

నాకు ఉద్యోగం రావడానికి ఆ వెనక పేజీలు పనికొచ్చాయనే చెప్పాలి. రాతపరీక్షలో కాదు, ఇంటర్వ్యూలో. రైతుకూ మార్కెట్‌కూ సంబంధం ఏమిటని ఇంగ్లీషులో అడిగారు. నేను వ్యాకరణం చూసుకోకుండా పావుగంట మాట్లాడాను. నలుగురు కూర్చున్నారక్కడ, ముగ్గురికి బ్యారన్ అంటే తెలీదు. నాలుగో ఆయన పొదిలి వైపు మనిషట, నా యాస విని గుర్తుపట్టి, చివర్లో మెల్లిగా తెలుగులో "నోబిడ్డు చెప్పు వీళ్లకు" అన్నాడు.

2000లో క్రాప్ హాలిడే ప్రకటించారు. ఆ ఏడు పొగాకు వెయ్యవద్దు. నేను అప్పటికి ఊరొదిలేశాను. ఫోన్లో నాయన ఆ రెండు మాటలూ విడివిడిగా పలికి, "హాలిడే అంటే బడికి సెలవు గదరా, సెలవిస్తే జీతమిస్తారు గదా మీకు" అన్నాడు. నేను అర్థం చెప్పబోయాను. ఆయన అర్థం అడగలేదని మధ్యలో తట్టింది. ఆ ఏడు మా బ్యారన్లో మొదటిసారి పొయ్యి వెలగలేదు. కొన్నాళ్లు ఎరువుల బస్తాలు పెట్టుకున్నారు, తర్వాత గొర్రెల వాళ్లు వానకు నిలబడేవాళ్లు, ఆ తర్వాత ఒక గోడ ఒరిగింది.

మొన్న ఆ మిగిలిన మూడు గోడలూ పడేయించడానికి పోయినప్పుడు అటక మీద సామాన్లలో ఎర్రట్ట పుస్తకం దొరికింది. నాయన పోయి ఐదేళ్లయింది. ముందు నుంచి తిరగేస్తే ఆయన గుండ్రటి అక్షరాలు, వెనక నుంచి తిరగేస్తే తలకిందులుగా నా కోడిగీతలు. ఎక్కడ కలిశామా అని చూశాను. నా చివరి పేజీలో చివరి మాట రికవరీ. ఎదురుగా రెండు అర్థాలు రాసుకున్నాను. ఒకటి, వసూలు. రెండు, కోలుకొనుట. పుస్తకం తిప్పి పట్టుకుంటే, నా అక్షరాల పక్కనే ఎదురు దిక్కు నుంచి వచ్చిన పెన్సిలు రాత ఉంది. "రెండోది మనకెప్పుడో."

దాని కింద, కిరసనాయిలు రెండు లీటర్లు. దాని కింద, కట్టు తాళ్లు.